యాక్షన్ థ్రిల్లర్‌కు ఏ టైటిల్స్ మేలు? ముందే వేసేవా, ఆగి వేసేవా?

"యాక్షన్ థ్రిల్లర్" అని పోస్టర్ మీద ఒకే ముక్కగా రాసేస్తాం గానీ, ఆ రెండూ ప్రేక్షకుణ్ని అడిగేది ఒకటి కాదు. యాక్షన్‌కు వాడి హుషారు కావాలి, థ్రిల్లర్‌కు వాడి అనుమానం కావాలి. మొదటిదానికి వేళ్లు నోట్లోకి పోయేది విజిల్ వెయ్యడానికి, రెండోదానికి గోళ్లు కొరుక్కోవడానికి. పేర్లు పడే ఆ రెండు మూడు నిమిషాల్లోనే ఈ సినిమాలో ఏది ఎన్ని పాళ్లో చూసేవాడికి అందిపోవాలి. అందకపోతే తర్వాత అరగంట దాకా వాడు వేరే సినిమా కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాడు.

టైటిల్స్ వెయ్యడానికి ఇప్పుడు నాలుగు దారులు కనిపిస్తున్నాయి. సినిమా మొదట్లోనే గ్రాఫిక్స్‌తో ప్రత్యేకంగా చేసి వెయ్యడం ఒకటి. ముందు ఒక సీను నడిపి, అక్కడ ఆపి, అప్పుడు వెయ్యడం రెండోది. నడిచే సీను మీదే పక్కన పేర్లు పడుతూ పోవడం మూడోది. పేర్లన్నీ చివరికి నెట్టేసి, మంచి ఊపులో సినిమా పేరు ఒక్కటే ధన్‌మని వెయ్యడం నాలుగోది. యాక్షన్ అని చెప్పడం వీటిలో దేనికైనా చేతనవుతుంది. ఒక డ్రమ్ము దెబ్బ, నాలుగు ఎర్రటి అక్షరాలు ఉంటే ఆ పని అయిపోతుంది. థ్రిల్లర్ అని చెప్పడమే కష్టం. అందుకని ఏది మేలో ఆ రెండో పనిని బట్టే తూకం వేస్తున్నాను.

అంతకన్నా ముందు మన హాళ్ల సంగతి చెప్పుకోవాలి. టైటిల్స్ గొప్పతనం గురించి రాసేవాళ్లు చీకటి హాలు, గుట్టుగా కూర్చున్న జనం, పూర్తి నిశ్శబ్దం ఉన్నట్టు ఊహించుకుని రాస్తారు. నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ ఫస్ట్ షోకు పోయి చూడండి. ముందు సెన్సార్ సర్టిఫికెట్. తర్వాత పొగాకు ప్రకటన. పొగాకు కనిపించే సినిమాలకు 2012 అక్టోబర్ 2 నుంచి ఇది తప్పనిసరి, ఇంటర్వెల్ దగ్గర మళ్లీ వస్తుంది. "ఈ నగరానికి ఏమైంది" అని ఆ గొంతు అనగానే హాలంతా కోరస్ పలికిన రోజులు గుర్తుండే ఉంటాయి. ఆ తర్వాత కృతజ్ఞతలు: షూటింగుకు స్థలం ఇచ్చినవాళ్లకు, పోలీసు శాఖకు, ఫలానా ఎమ్మెల్యే గారికి. జంతువులకు హాని చెయ్యలేదనే కార్డు, పాత్రలన్నీ కల్పితమనే కార్డు. ఈలోపు బండి పార్కింగులో పెట్టి వచ్చినవాళ్లు సెల్లు లైటు వేసుకుని సీటు నంబరు వెతుకుతుంటారు. "సినిమా పడిందా?" అని వాళ్లు అడిగితే, ముందే కూర్చున్నవాడు చెప్పే జవాబు ఒకటే: "లేదులే అన్నా, ఇంకా పేర్లే పడతన్నాయి."

అంటే పేర్లు సినిమాలో భాగం కాదని అందరం ఎప్పుడో ఒప్పేసుకున్నాం. టైటిల్స్ చేసేవాడు ముందు గెలవాల్సింది ఈ జవాబు మీద. (ఆ మాటకొస్తే, తరహా గురించి మొదటి కబురు చెప్పేది డిజైనర్ కూడా కాదు, సెన్సార్ బోర్డు. 2024 నుంచి యూఏలో 7+, 13+, 16+ అని మూడు రకాలు వచ్చాయి. సర్టిఫికెట్ మీద 16+ కనపడగానే కత్తులు గట్టిగానే ఉంటాయని వెనక వరసలో ఎవరో ఒకరు తేల్చేస్తారు.)

గీతలతో చెప్పే కథ

మొదట్లోనే గ్రాఫిక్ టైటిల్స్ వేసే దారికి పెద్ద దిక్కు హాలీవుడ్ డిజైనర్ సాల్ బాస్. 1959లో వచ్చిన 'నార్త్ బై నార్త్‌వెస్ట్'కు ఆయన చేసిన పని చూడండి. ఆకుపచ్చ తెర మీద ఏటవాలుగా గీతలు దూసుకొచ్చి గళ్లుగా కలుస్తాయి. పేర్లు ఆ గళ్ల వెంట పైకీ కిందికీ జారి, ఒకచోట ఆగి, మళ్లీ జారిపోతాయి. కాసేపటికి ఆ గళ్లే ఒక అద్దాల భవనం గోడగా మారతాయి, అద్దాల్లో వీధిన పోయే కార్లు కనపడతాయి. ఇంకా హీరో రాలేదు, తుపాకీ పేలలేదు. అయినా పట్నం, పరుగు, ఎవరో గీసిపెట్టిన గీతల మధ్య ఇరుక్కోబోయే మనిషి, ఇంత విషయం మనకు చేరిపోయింది.

మరుసటి ఏడు 'సైకో' వచ్చింది. అక్కడ రంగుల్లేవు. బూడిదరంగు పట్టీలు అడ్డంగా వచ్చి, నిలువుగా వచ్చి, అక్షరాలను ముక్కలు చేస్తాయి. ముక్కలు ఒక్క క్షణం అతుక్కుని పేరుగా నిలబడతాయి, మళ్లీ చీలిపోతాయి. బెర్నార్డ్ హెర్మన్ ఆ సినిమా మొత్తానికీ తీగ వాయిద్యాలు తప్ప ఇంకేమీ వాడలేదు. మనసు ముక్కలైన మనిషి కథ అని చివర్లో తెలిసే సంగతిని మొదటి నిమిషంలోనే కంటికి చూపించేశారు, మనకే అప్పుడు అర్థం కాదు.

ఈ రెండు సినిమాలనూ పక్కపక్కన పెట్టి చూడటం నాకు ఇష్టం. దర్శకుడు ఒకడే, హిచ్‌కాక్. డిజైనర్ ఒకడే, సంగీత దర్శకుడూ ఒకడే. రెండు చోట్లా తెర మీద ఉన్నవి ఉత్త గీతలే. అయినా ఒకటి ఉరుకుల సినిమా, ఇంకొకటి వణుకుల సినిమా అని ఇంగ్లీషు ముక్క రానివాడు కూడా చెప్పగలడు. గీత ఎంత వేగంగా వచ్చింది, ఎక్కడ ఆగింది, ఆగినప్పుడు పేరును నిలబెట్టిందా నరికిందా, వెనక సంగీతం పరిగెత్తిస్తోందా గుచ్చుతోందా, తేడా అంతా అక్కడే ఉంది. తరహాను చెప్పడానికి కత్తి బొమ్మ, నెత్తుటి చుక్క అక్కర్లేదని దీనికన్నా మంచి రుజువు లేదు.

1962లో తొలి జేమ్స్ బాండ్ సినిమా 'డాక్టర్ నో'కు మారిస్ బైండర్ చేసిన తుపాకీ గొట్టం ఇంకో రకం. గుండ్రటి చుక్కలో ఒక మనిషి నడిచొస్తాడు, గిర్రున తిరిగి మన వైపే కాలుస్తాడు, పైనుంచి ఎరుపు జారుతుంది. గొట్టం లోపలి గాడులు బొమ్మ గీసినవి కావు, నిజం తుపాకీ గొట్టంలోంచే కెమెరా పెట్టి తీశారు. ఆ తొలి సినిమాలో నడిచొచ్చింది హీరో కూడా కాదు, బాబ్ సిమన్స్ అనే స్టంట్ మనిషి. ఇక్కడ తెలివంతా చూపు ఎవరిదన్న దాంట్లో ఉంది. మనం చూస్తున్నది గురిపెట్టినవాడి కంటితో. కాల్చే యాక్షన్ హీరోదే, కానీ దాక్కుని చూస్తున్న భయం మనది. కొన్ని సెకన్లలో రెండు తరహాలూ కుదిరిపోయాయి.

మన దక్షిణాదికి వచ్చేసరికి ఈ గ్రాఫిక్ పని హీరో పేరు వైపు మళ్లింది. 1992లో 'అన్నామలై'తో మొదలైన రజనీకాంత్ టైటిల్ కార్డు అందరికీ తెలిసిందే. చుక్కలు చుక్కలుగా వెలిగి ఒక్కో అక్షరం కూడి 'సూపర్ స్టార్' అవుతుంది, వెనక దేవా సంగీతం. నెల్లూరు దాటి తడ వైపు పోయేకొద్దీ మద్రాసు గాలి బాగా తగులుతుంది గనక, ఆ కార్డుకు ఇక్కడ వచ్చే గోల గురించి నేను చెప్పనక్కర్లేదు. ఇంకా సినిమానే మొదలుకాని సమయంలో హాలంతా లేచి నిలబడేలా చేసిందంటే, "ఇంకా పేర్లే" అనే జవాబును ఓడించిన టైటిల్ కార్డు అదొక్కటే. కానీ తరహా దగ్గరికి వస్తే అది మౌనం. కుటుంబ కథకూ అదే కార్డు, పగ కథకూ అదే కార్డు. హీరో ఎవరో చెబుతుంది, ఏ సినిమాకు వచ్చామో చెప్పదు.

మిగతా గ్రాఫిక్ టైటిల్స్‌కు మన హాల్లో ఉన్న ఇబ్బంది చెప్పాను కదా, జనం సీట్లు వెతుక్కునే టైములో అయిపోతాయి. దానికి తోడు డబ్బు. చేతగాని బడ్జెట్‌లో ఈ దారి పట్టినవాడు రెడీమేడ్ టెంప్లేట్ల మీద పడతాడు. పగిలే అద్దం, ఎగిరే నిప్పురవ్వలు, ఇనుప అక్షరాలు. నెల్లూరులో మా ఎడిటింగ్ రూముకు వచ్చే షార్ట్ ఫిల్ముల్లో ఇవే రవ్వలు, ఇదే ఇనుము. దెయ్యం సినిమాకూ అవే, క్రికెట్ బెట్టింగ్ సినిమాకూ అవే.

ముందు దెబ్బ, తర్వాత పేరు

రెండో దారి కూడా బాండ్ సినిమాల్లోనే బాగా స్థిరపడింది. 1963 నాటి 'ఫ్రమ్ రష్యా విత్ లవ్' టైటిల్స్‌కు ముందే ఒక సీనుతో మొదలవుతుంది. రాత్రిపూట తోటలో బాండ్‌ను ఒకడు వెంటాడి గొంతుకు తీగ బిగించి చంపేస్తాడు. సినిమా పేరు కూడా పడలేదు, హీరో పోయాడు! అప్పుడు లైట్లు వెలుగుతాయి, ఎవరో వచ్చి శవం ముఖం మీది మాస్కు లాగితే వాడు వేరే మనిషి. ఇదంతా నిజం బాండ్‌ను చంపడానికి చేసుకుంటున్న సాధన. ఆ దెబ్బ తిన్నాక పేర్లు పడుతుంటే ఎవడూ పాప్‌కార్న్‌కు లేవడు. పేర్లు పడే టైమంతా మన బుర్ర ఆ మాస్కు చుట్టూనే తిరుగుతుంటుంది. థ్రిల్లర్‌కు కావలసింది సరిగ్గా ఆ టైమే.

ఈ పద్ధతిలో 1995 నాటి 'సెవెన్'ను మించినది నేను చూడలేదు. ముందు ఇద్దరు డిటెక్టివ్‌లు కలుసుకుంటారు. పెద్దాయన రాత్రి పక్క మీద పడుకుని, తాళం లెక్క కొట్టే మెట్రోనోమ్ టిక్‌టిక్ వింటూ కళ్లు మూసుకుంటాడు. అక్కణ్నుంచి నేరుగా టైటిల్స్‌లో పడతాం. ఎవరిదో చెయ్యి. బ్లేడుతో వేలి చివర చర్మాన్ని సన్నగా గీక్కుంటోంది. సూదీ దారంతో కాగితాలు కుడుతోంది. చీమల బారు అంత అక్షరాలతో నిండిన నోటు పుస్తకాలు, నల్లగా కొట్టేసిన వరుసలు. టైటిల్స్ అక్షరాలు కూడా చేత్తో గీకినవే. నిలకడగా ఉండవు, ఉలిక్కిపడుతుంటాయి. కైల్ కూపర్ చేసిన ఈ రెండు నిమిషాల్లో ఒక్క గుద్దు లేదు, ఒక్క ఛేజు లేదు. కానీ వేలిముద్ర మిగలకుండా చూసుకునే వాడొకడున్నాడని, వాడికి ఓపిక చాలా ఎక్కువని తెలిసిపోయింది. సినిమాలో వాడు మనకు ఎదురుపడేది చాలా ఆలస్యంగా. అంతసేపూ వాణ్ని బతికించి ఉంచింది ఈ టైటిల్సే.

ఇందులో ఇంకో కిటుకు ఉంది. ఆ హంతకుడి వేషం వేసిన కెవిన్ స్పేసీ పేరు ముందు టైటిల్స్‌లో వెయ్యలేదు, చివర్లో వేశారు. పేరు పడితే జనం "ఈయన ఇంకా రాలేదే" అని లెక్కేసుకుంటూ కూర్చుంటారు కదా. ఇప్పుడు మన టైటిల్స్ చూడండి. ముందే "ప్రత్యేక పాత్రలో ఫలానా" అని విడిగా కార్డు వేస్తాం. ఇంటర్వెల్‌కు అరగంట ముందే ముసుగు మనిషి ఎవరో హాల్లో సగం మందికి తెలిసిపోతుంది. యాక్షన్ సినిమాకు దీనివల్ల నష్టం లేదు, పెద్ద పేరు పడితే ఊపే వస్తుంది. థ్రిల్లర్‌కు మాత్రం మన చేతులతో మనమే తాళం చెవి ఇచ్చినట్టు.

1996 'మిషన్ ఇంపాజిబుల్' ఇదే దారిలో యాక్షన్ వైపుకు ఎక్కువ మొగ్గింది. ముందు ఒక చిన్న మోసం సీను, తర్వాత అగ్గిపుల్ల, మండుతూ పరిగెత్తే వత్తి, మధ్యమధ్యలో రాబోయే సినిమాలోంచే తుంపులు. 1966 నాటి టీవీ సీరియల్ నుంచి తెచ్చుకున్న పద్ధతి ఇది. ముందే అన్నీ చూపించేస్తే ఎలా అనిపిస్తుంది గానీ, ఒక్కో తుంపు ఎంత పొట్టిగా ఉంటుందంటే ఏదో చూశామని తెలుస్తుంది, ఏం చూశామో తెలియదు. లాలో షిఫ్రిన్ బాణీ ఐదు లెక్కలో నడుస్తుంది. ఖండ చాపు తెలిసినవాళ్లు చేత్తో వేసి చూడొచ్చు. మామూలు నాలుగు దెబ్బల లెక్కకు అలవాటుపడిన మనం కాలు తట్టబోతే ఎక్కడో ఒకచోట జారిపోతుంది. ఆ జారుడే టెన్షన్.

2011 'డ్రైవ్' గురించి ఒక్క ముక్క. రాత్రి పట్నంలో పోలీసులకు దొరక్కుండా కారు తప్పించే సీను అయిపోయాక, గులాబీ రంగులో చేతిరాత అక్షరాలతో పేర్లు పడతాయి. మొదటిసారి చూసినవాడికి ప్రేమకథకు వచ్చామా అనిపిస్తుంది. ముందు నడిచిన సీను లేకపోతే ఆ అక్షరాలు పొరపాటులా ఉండేవి. సీను అయ్యాక వచ్చేసరికి, ఈ మనిషి లోపల ఇంకేదో ఉందన్న అనుమానం పుట్టిస్తాయి.

నడిచే సీను మీద

1975లో వచ్చిన 'షోలే' మొదలు గుర్తు తెచ్చుకోండి. రైలు ఆగుతుంది, యూనిఫాంలో ఒక ఆఫీసర్ దిగుతాడు. ఆయన కోసం గుర్రాలతో ఒక నౌకరు వచ్చి ఉంటాడు. ఇద్దరూ బయలుదేరతారు, గిటారు మొదలవుతుంది, పేర్లు పడతాయి. రాళ్లు, ముళ్లు, ఎండిన నేల, తర్వాత నెమ్మదిగా పొలాలు, మనుషులు, ఊరు. ఎవరూ ఎవర్నీ కొట్టలేదు. అయినా ఇది తుపాకీ ఉన్నవాడి మాట చెల్లే ప్రాంతమని, సాయం కోసం కేక వేస్తే వినేవాళ్లు దగ్గర్లో లేరని ఆ దారే చెబుతుంది. యూనిఫాం వేసుకున్న మనిషి గుర్రమెక్కి అంత దూరం ఎందుకొస్తున్నాడన్న ప్రశ్న పేర్లతో పాటే నడుస్తుంది. రాహుల్ దేవ్ బర్మన్ సంగీతం లేకుండా ఇదంతా సగం కూడా పండేది కాదు.

ఈ దారి గొప్పతనం ఏమిటంటే, "ఇంకా పేర్లే" అని ఎవడూ అనలేడు. సినిమా నడుస్తూనే ఉంది మరి. ఖర్చు కూడా తక్కువ. లోపం ఏమిటంటే, సీను బాగా బిగువుగా ఉంటే పేర్లు అడ్డమొస్తాయి, వదులుగా ఉంటే పేర్ల కోసమే సాగదీసినట్టు ఉంటుంది. మన సినిమాల్లో హీరో బైకు మీద ఊరంతా తిరుగుతుంటే పడే పేర్లు ఈ రెండో రకం. బైకు చెప్పేది బైకు ఉందని మాత్రమే.

ఒంగోలులో నడిచే కథ గనక 'క్రాక్' ముచ్చట చెప్పకుండా ఉండలేను. 2021 సంక్రాంతికి వచ్చిన ఆ పోలీసు సినిమాను వెంకటేశ్ గొంతుతో మొదలుపెట్టారు. యాభై రూపాయల నోటు, మామిడికాయ, మేకు, ఈ మూడింటి చుట్టూ కథ తిరుగుతుందని ముందే చెబుతుంది ఆ గొంతు. దర్శకుడు గోపీచంద్ మలినేనిది ప్రకాశం జిల్లానే. మాస్ పోలీసు సినిమాకు గుద్దుతో మొదలుపెట్టడం మామూలు. దానికి బదులు మూడు చిల్లర వస్తువులు చూపించి, వీటితో మనుషుల తలరాత ఎలా మారిందబ్బా అని అడిగించడం నాకు నచ్చింది. టైటిల్స్ చేయాల్సిన థ్రిల్లర్ పనిని అక్కడ గొంతు చేసింది.

ఊపులో పడే పేరు

ఇక నాలుగోది. 2022 మార్చి 25న వచ్చిన 'ఆర్ఆర్ఆర్'లో సినిమా పేరు పడేది దాదాపు 40 నిమిషాలు గడిచాక. ఒకరి పరిచయం నిప్పుతో, ఒకరి పరిచయం నీటితో అయిపోయాక, రైలు వంతెన దగ్గర పిల్లవాణ్ని కాపాడుతూ ఇద్దరి చేతులూ కలిసినప్పుడు పేరు పడుతుంది. ఆ ఘడియ కోసం అంతసేపు ఆగిన ఓపికకు మెచ్చుకోవాలి. ఇలాంటి పేరు పడటం చూడాలంటే పెద్ద తెర మీదే చూడాలి. 2019లో సూళ్లూరుపేట దగ్గర వంద అడుగుల వెడల్పు తెరతో హాలు తెరిచినప్పుడు నెల్లూరు నుంచి కార్లు కట్టుకుని పోయినవాళ్లు ఎంతమందో. సూళ్లూరుపేట అప్పుడు మన జిల్లానే, ఇప్పుడు తిరుపతిలోకి పోయింది. అంత తెర నిండా అక్షరాలు పడి, కింద నుంచి బేస్ కొడితే గుండెలో తగులుతుంది.

కానీ జాగ్రత్తగా చూస్తే, అప్పుడు హాలు చేసేది చప్పట్లు కొట్టడం. ఏదో ఒకటి పూర్తయింది, కుదిరింది అన్న తృప్తి అది. యాక్షన్‌కు, వీరగాథకు అంతకన్నా ఏం కావాలి? థ్రిల్లర్‌కు మాత్రం తృప్తి పనికిరాదు. ఏదో మిగిలిపోయింది, ఎవరో అబద్ధం చెబుతున్నారు అన్న వెలితి కావాలి. ఊపులో పడే పేరు ఆ వెలితిని పూడ్చేస్తుంది. ఈ పద్ధతిని ఇప్పుడు అందరూ పట్టుకున్నారు. మూడు గంటల సినిమాకు 40 నిమిషాలు ఆగితే అందం. ఇరవై నిమిషాల షార్ట్ ఫిల్ములో ఎనిమిదో నిమిషం దాకా పేరు దాచిపెడితే, దాచినదేమిటో తెలిసేసరికి సినిమా చివరికొస్తుంది.

చదవగలిగితేనే కదా

ఏ దారి పట్టినా తెలుగు అక్షరంతో ఒక పేచీ ఉంది. ఇంగ్లీషు అక్షరానికి నిటారు గీతలు ఉంటాయి, పట్టీ వేసి నరికినా ముక్కలు అందంగా ఉంటాయి. మన అక్షరం గుండ్రం. దాన్ని భయపెట్టేలా చేయడానికి మనవాళ్లు తలకట్టును కత్తిగా సాగదీస్తారు, సున్నాలో తుపాకీ గురి చుక్క పెడతారు, కొమ్ము కొసన నెత్తురు కారుస్తారు. ఇవన్నీ యాక్షన్ అని అరుస్తాయి, థ్రిల్లర్ అని ఒక్కటీ గుసగుసలాడదు. ఉచితంగా దొరికే ఫాంట్లలో రామభద్ర లావుగా, దిట్టంగా ఉంటుంది. సినిమా పేరుకు అది ఫరవాలేదు. నటీనటుల పేర్లకు మండలి లాంటి సాదా ఫాంటును చిన్న సైజులో, నల్ల తెర మీద ఒక మూలకు పెట్టి చూడండి. చుట్టూ ఉన్న ఖాళీ నలుపే సగం పని చేస్తుంది. ఒక్కటే జాగ్రత్త: ఒత్తులకు కింద చోటు వదలాలి. ఇంగ్లీషుకు చేసిన టెంప్లేట్‌లో తెలుగు పోస్తే ఒత్తు కింది అంచు దగ్గర తెగిపోతుంది, దర్శకుడి పేరులో ఒక అక్షరం ఎగిరిపోయినట్టు కనపడుతుంది. ఈ గొడవెందుకని పేర్లన్నీ ఇంగ్లీషులోనే వేసేస్తున్నారు చాలామంది. అది నాకు నచ్చదు.

ఇప్పుడు ఏది మేలు? యాక్షన్, థ్రిల్లర్ రెండూ ఒకే సినిమాలో ఉండి, రెండోది ఉత్త అలంకారం కాకపోతే, నా ఓటు రెండో దారికే. ముందు ఒక ప్రశ్న వదిలే సీను, తర్వాత ఒకటిన్నర నిమిషం టైటిల్స్. సీను యాక్షన్ సంగతి చూసుకుంటుంది, టైటిల్స్ అనుమానాన్ని పెంచుతాయి. ఆలస్యంగా వచ్చినవాడు సీను నడిచేలోపు సీటు చేరతాడు, టైటిల్స్ దక్కుతాయి. పెద్ద హీరో సినిమా అయి, థ్రిల్లర్ పాలు తక్కువైతే నాలుగోది వేసుకోండి, ఎవరూ కాదనరు. మొదటిది చెయ్యాలంటే సాల్ బాస్ లాంటి బుర్ర దొరకాలి. దొరకనప్పుడు దాని జోలికి పోకపోవడమే మంచిది.

డబ్బు లేనివాళ్లకు రెండో దారినీ మూడో దారినీ కలపమని చెబుతాను. ఈ మధ్య ఒంగోలు కుర్రాళ్లు కొందరు చీమకుర్తి గ్రానైట్ క్వారీల చుట్టూ తిరిగే చిన్న యాక్షన్ థ్రిల్లర్ తీసుకుని ఎడిటింగ్‌కు వచ్చారు. రాయి లారీ డ్రైవర్ ఒకడు మాయమవుతాడు, తమ్ముడు వెతుకుతాడు. డైరెక్టర్‌కు తమ్ముడి మొదటి ఫైటు అయ్యాక ధన్‌మని పేరు పడాలి. కెమెరామన్‌కు నిప్పురవ్వలు కావాలి. వాళ్ల ఫుటేజీ చూస్తుంటే నాకు వేరేది కనపడింది. క్వారీలో కోసిన దిమ్మెల మీద పెయింటుతో నంబర్లు, కొలతలు రాసి ఉంటాయి కదా. కెమెరా ఆ దిమ్మెల పక్కనుంచి నెమ్మదిగా పోతున్న షాటు ఒకటుంది. నటీనటుల పేర్లను అదే తెల్ల పెయింటు తీరులో, దిమ్మె నంబర్ల పక్కనే వేస్తే? ఏది నంబరో ఏది పేరో వెతుక్కోవాలి. ఈ కథలో మనిషికీ రాయికీ లెక్క ఒకటేనని మాట లేకుండా తెలుస్తుంది. ఆఖరున గెలాక్సీ గ్రానైట్ నున్నటి పలక దగ్గరికి కెమెరా పోతే, నలుపులో బంగారు చుక్కలు తప్ప ఏమీ కనపడవు. సినిమా పేరుకు అంతకన్నా మంచి తెర ఎక్కడ దొరుకుతుంది?

సంగీతం కూడా వద్దన్నాను. డ్రిల్లింగ్ మిషన్ మోత, గొలుసు బిగిసే చప్పుడు, దూరంగా లారీ రివర్స్ హారన్ చాలు. దీనికి ముందు అర నిమిషం సీను: రాత్రి, ఇంజను ఆపని లారీ, తలుపు తెరిచి ఉంది, లోపల ఎవరూ లేరు. ఫైటు ఆ తర్వాత ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. కెమెరామన్ వెంటనే ఒప్పుకున్నాడు, ఆ షాటు అతనిదే గనక. డైరెక్టర్ రెండు వెర్షన్లూ చేసి ఇమ్మన్నాడు, చేశాను. పక్కపక్కన వేసి చూశాక ఏమీ అనకుండా రెండోసారి వేయమన్నాడు, దిమ్మెలదే.

మిగిలిన తగాదా ఒక్కటే. చివర్లో దొంగగా తేలే క్వారీ మేనేజర్ వేషం వేసినతని పేరు ముందు టైటిల్స్‌లో వెయ్యొద్దని చెప్పాను. సినిమా అయ్యాక, కావాలంటే అందరికన్నా పెద్ద అక్షరాలతో వేద్దామన్నాను. ఆ నటుడు సరే అన్నాడు. సినిమాకు పెట్టుబడి పెట్టిన అతని నాన్నే ఇంకా ఒప్పుకోలేదు.